మూడు తాళాల ప్రశ్న

రేగడిపల్లె బాలికల ఉన్నత పాఠశాలకు పెట్టె జీపులో వచ్చింది. దాన్ని దించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. ఆ నలుగురిలో ఒకరు సబ్‌సెంటర్ నర్సు ఎస్తేరమ్మ. ఇరవై రెండేళ్ళుగా చుట్టుపక్కల ఏడూళ్ళకూ సూదులు వేస్తూ, పురుళ్ళు పోస్తూ తిరుగుతున్న మనిషి కాబట్టి బరువులు ఆమెకు కొత్త కాదు. అయినా పెట్టె ఒక మూల ఎత్తేసరికి నడుం పట్టేసింది.

"ఏముంది నాయనా ఇందులో?" అంది.

"ఏం లేదు నర్సమ్మా, ఖాళీ పెట్టే. పిల్లలు చీటీలేస్తారంట," అన్నాడు డ్రైవరు.

దాని అసలు పేరు 'కౌమార సందేహ నివృత్తి పేటిక'. అంత పేరు పలికేలోగా కౌమారం దాటిపోతుంది గనక బళ్ళో అందరూ పెట్టె అనే అనేవారు. దాని పుట్టుక కూడా చెప్పుకోవాలి. రాజధానిలో ఉండే ఒక పెద్ద అధికారి ఏదో దేశం వెళ్ళి, అక్కడ ఒక బడిలో చెప్పుల డబ్బాకు కన్నం పెట్టి కిటికీలో ఉంచడం చూశాడట. వయసుకొచ్చిన పిల్లలు ఒంటి గురించి నోటితో అడగలేనివి చీటీ మీద రాసి అందులో వేస్తారు. సాయంత్రం నర్సు తీసి జవాబు చెబుతుంది. అంతే సంగతి. అధికారి ముగ్ధుడైపోయాడు. అధికారి ముగ్ధుడైతే జనానికి మూడినట్టే. చెప్పుల డబ్బా మన దాకా వచ్చేసరికి ఉక్కు పెట్టె అయింది. ఆడపిల్లలది కాబట్టి గులాబి రంగు పూసుకుంది. ముందువైపు మూడు తాళాలు తగిలించుకుంది.

మూడెందుకో ప్రారంభోత్సవం నాడు జిల్లా కౌమార ఆరోగ్య సమన్వయాధికారి నిగమేశ్వరరావు గారు వివరించారు. రెండువందల పన్నెండు మంది ఆడపిల్లలు ఎండలో కూర్చుని విన్నారు.

"కౌమారమనునది ఏ ఒక్క శాఖ సొత్తు కాదు," అన్నారాయన మైకులో. "బాలిక యొక్క శరీరము ఆరోగ్య శాఖ పరిధిలోనిది. బాలిక యొక్క మెదడు విద్యాశాఖ పరిధిలోనిది. బాలిక యొక్క వయస్సు స్త్రీ శిశు సంక్షేమ శాఖ పరిధిలోనిది. ఈ మూడు శాఖల సమన్వయము లేనిదే ఏ బాలికయు సంపూర్ణముగా ఎదగజాలదు."

అందుకని ఒక తాళంచెవి ఆయన దగ్గర, రెండోది ఉప విద్యాశాఖాధికారి పానకాలరావు గారి దగ్గర, మూడోది సంక్షేమ శాఖ అధికారిణి హైమావతి గారి హ్యాండుబ్యాగులో. మూడు నెలలకోసారి ముగ్గురూ ఒక ముహూర్తానికి కూడుకుని పెట్టె తెరవాలి. మధ్యలో ఆకాశం ఊడిపడ్డా తెరవకూడదు.

అడిగిన పిల్ల పేరు పరమ రహస్యం అని బోర్డు మీద ఎర్రరంగుతో రాయించారు. ఆ రహస్యం కోసం చాలా కట్టుదిట్టాలు చేశారు. చీటీ ముద్ర వేసినదే అయి ఉండాలి. అది హెడ్‌మిస్ట్రెస్ విశాలాక్షి గారి బల్ల మీద దొరుకుతుంది. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. పెట్టెను విశాలాక్షి గారి గుమ్మం పక్కనే దిమ్మె కట్టి బిగించారు. పైన కెమెరా పెట్టారు.

ఎస్తేరమ్మ ఆగలేక అడిగింది. "అయ్యా, సంతకం పెట్టి తీసుకుంటే ఇంక రహస్యం ఎట్టా అవుద్దండీ?"

నిగమేశ్వరరావు గారు జాలిగా నవ్వారు. "రిజిస్టరు కూడా రహస్యమేనమ్మా. దానిని ఎవ్వరూ చూడరాదు. ఎవరైనా చూచిరేమో తెలుసుకొనుటకే గదా కెమెరా!"

అంత పకడ్బందీ రహస్యం ముందు ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? ఎస్తేరమ్మ మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

మొదటి నెల ఒక్క చీటీ పడలేదు. రెండో నెల జిల్లా నుంచి తాఖీదు వచ్చింది, బడికి నెలకు ఇరవై ప్రశ్నలు లక్ష్యం, అందుకోని బళ్ళ పేర్లు వెల్లడిస్తాం అని. విశాలాక్షి గారు ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి. తొమ్మిదో తరగతికి హోంవర్కు ఇచ్చేసింది. పిల్లలందరూ ఆమె నల్లబల్ల మీద రాసిన ప్రశ్ననే చక్కగా ఎక్కించుకుని వరసలో నిలబడి పెట్టెలో వేశారు. 'పాలకూరలో లభించు పోషకమేది?' ఆ నెల రేగడిపల్లె జిల్లాలో రెండో స్థానంలో నిలిచింది.

మూడు నెలలు గడిచాయి. ఒక గురువారం ముగ్గురు అధికారులూ మూడు జీపుల్లో దిగారు. జవాబులు చెప్పే బాధ్యత కాగితం మీద నర్సుది కాబట్టి ఎస్తేరమ్మను కూడా పిలిచి, గోడవారన నిలబెట్టారు. మూడు తాళాలూ తీశారు. మూత ఎత్తగానే అన్నిటికంటే పైన ఒక చీటీ ఎస్తేరమ్మ కంట పడింది. దానికి ముద్ర లేదు. నోటుపుస్తకం అంచు చించి, నాలుగు మడతలు పెట్టినది. అన్నిటి మీదా ఉంది కాబట్టి ఈ రెండు మూడు రోజుల్లో పడిందే.

పాలకూర చీటీలు అరవై నాలుగు లెక్కపెట్టాక దీన్ని విప్పారు. పానకాలరావు గారు చదవబోయి, మధ్యలో ఆపి, కళ్ళజోడు తుడుచుకుని, హైమావతి గారికిచ్చారు. ఆమె చూసి నిగమేశ్వరరావు గారికిచ్చింది. ఆయన చూసి, తన నోటితో ఎందుకని, ఎస్తేరమ్మ చేతిలో పెట్టారు. ఆమె చదివింది.

'నాకు ఆగడం లేదు. ఇరవై రోజులైంది. అమ్మకి చెప్తే కొడుతుంది. నేను చచ్చిపోతానా?'

ఎస్తేరమ్మ చీటీ ఇంకోసారి చదివింది. తొమ్మిదేళ్ళ కిందట కొండకింద పాలెంలో ఒక పిల్ల ఇలాగే ఎవరికీ చెప్పక, పాత చీరలు చింపుకుంటూ నెలరోజులు నెట్టుకొచ్చి, కళ్ళు తిరుగుతున్నాయని పడుకుని మళ్ళీ లేవలేదు. కబురు తెలిసి ఎస్తేరమ్మ వెళ్ళేసరికి గోరు తెల్లగా సున్నంలా ఉంది. ఆ గోరు ఆమె ఈనాటికీ మర్చిపోలేదు.

"అయ్యా, ఈ పిల్లని ఇవాళే చూడాలండీ. మందుతో ఆగిపోయేదే. ఆలస్యమైతేనే ప్రమాదం," అంది.

"ఉండమ్మా, తొందరపడరాదు," అన్నారు నిగమేశ్వరరావు గారు. "మొదట ఇది ప్రశ్న అవునా కాదా తేలవలెను. ముద్ర లేదు."

"ఏమి ఆగుటలేదో కూడా స్పష్టపరచలేదు," అంది హైమావతి గారు. "జలుబా, వెక్కిళ్ళా, ఏమిటి? అస్పష్ట ప్రశ్నకు జవాబిచ్చిన యెడల అస్పష్ట జవాబగును."

పానకాలరావు గారి బాధ వేరు. "ఆ పాఠము పదో తరగతి జీవశాస్త్రములో ఉన్నది. అది ఫిబ్రవరిలో వచ్చును. బాలిక ఏ ఎనిమిదో తరగతిదో అయినచో ఈ ప్రశ్న రెండు సంవత్సరములు ముందుగా అడిగినట్లు. అట్టి ప్రశ్నలను ప్రోత్సహించరాదు."

ముగ్గురూ టీ తాగారు. తాగుతుండగా నిగమేశ్వరరావు గారికి ఒక సంగతి తట్టి, ముఖం వెలిగిపోయింది. రాష్ట్రం మొత్తం మీద ఇప్పటిదాకా పెట్టెల్లో పడ్డవన్నీ పాలకూరలే, మునగాకులే. ఒక పిల్ల నిజంగా తనకు తెలియక అడిగిన ప్రశ్న ఇదే మొదటిది! అక్కడికక్కడే రాజధానికి ఫోను చేశారు. ఆ క్షణం నుంచి ఆ చీటీకి వచ్చిన వైభోగం ఇంతా అంతా కాదు. ప్రభుత్వంలో ఏ కాగితమూ అంత వేగంగా నడిచి ఉండదు. జవాబు తప్ప అన్నీ పరుగులు పెట్టాయి.

శుక్రవారం పొద్దున్నే రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. తోకగా ఒక ఆదేశం కూడా వచ్చింది. పథకం పది నుంచి పంతొమ్మిదేళ్ళ వారికి మాత్రమే వర్తిస్తుంది గనక, సదరు ప్రశ్న అర్హురాలైన బాలికే వేసినట్లు నిర్ధారించవలెను. అందుకు ఆమె ఎవరో కనుగొనవలెను. కనుగొనుటలో ఆమె ఎవరో ఎవరికీ తెలియరాదు. ఆ తర్వాత జవాబు ముసాయిదాను నిపుణుల సంఘానికి పంపినచో నలభై అయిదు పనిదినములలో ఆమోదింపబడును. అంతవరకు ప్రశ్న పెట్టెలోనే మూడు తాళముల మధ్య భద్రపరచబడవలెను.

చీటీ మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది. ఇరవై మూడో రోజో, నాలుగో రోజో.

"పోనీ, నన్ను క్లాసుల్లోకి వెళ్ళనీండయ్యా. ఇట్టాంటివి ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రండని ఒక్క మాట చెప్పొస్తా," అని బతిమాలింది.

"ఒక్కరు అడిగిరి. నీవు రెండువందల పన్నెండుగురికి చెప్పెదనందువు," అన్నారు నిగమేశ్వరరావు గారు. "అడగనివారికి జవాబు చెప్పుట నిధుల దుర్వినియోగమమ్మా. పైగా సందేహము లేనివారికి కూడ సందేహము కలుగును."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఎస్తేరమ్మ ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నం ఐరన్ మాత్రలు పంచే వంకతో బడికి వెళ్ళి, ఒక్కో పిల్ల కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉన్న పిల్ల ఎవరో తెలిసిపోతుందనుకుంది. సాయంత్రానికి తెలిసింది ఏమిటంటే, రెండువందల పన్నెండు మందిలో నూట ముప్ఫై మంది రెప్పలు తెల్లగానే ఉన్నాయి. పాలకూర గురించి అంత బాగా రాసిన పిల్లలు ఒక్కరూ పాలకూర తిన్నట్టు లేరు. మెల్లగా చెవిలో అడుగుదామంటే విశాలాక్షి గారు నిబంధన ప్రకారం భుజం పక్కనే నడుస్తోంది. పిల్లలు ఇద్దరి వైపూ చూసి, మాత్ర మింగి, తల దించుకున్నారు.

శనివారం రహస్య గుర్తింపు కార్యక్రమం మొదలైంది. ఆలోచన హైమావతి గారిది. ఉదయం ప్రార్థన అయ్యాక ఆమె మైకు అందుకుని, వీధిలో పోయే సైకిళ్ళు కూడా ఆగి వినేటట్టు ప్రకటించింది.

"ప్రియమైన బాలికలారా! మీలో ఇరవై దినములుగా ఆగనివారు ఒకరున్నారు. ఆమె ఎవరైనదీ మాకు తెలియనక్కర లేదు. ఆమె దయచేసి రహస్యముగా ఒక అడుగు ముందుకు రావలెను."

రెండువందల పన్నెండు మందీ తమ కాలి బొటనవేళ్ళను చూసుకున్నారు. ఒక్క అడుగూ కదల్లేదు. సరికదా, ముందు వరసలో ఉన్నవాళ్ళు అరడుగు వెనక్కి జరిగారు. గోడ అవతల టీకొట్టు దగ్గర ఎవరో, "ఏందంట ఆగంది?" అని అడగడం, ఇంకెవరో "బోరింగేమో" అనడం ఎస్తేరమ్మకు వినిపించింది. నిగమేశ్వరరావు గారు మినిట్సులో 'బాలికల స్పందన సంయమనముతో కూడియున్నది' అని రాయించారు.

సోమవారం కెమెరా చూశారు. ముగ్గురూ హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుని, మిక్చరు తింటూ, వారం రోజుల బొమ్మ చూశారు. కెమెరా పైనుంచి చూస్తుంది కాబట్టి దానికి ముఖాలు కనిపించవు, పాపిళ్ళు కనిపిస్తాయి. బడి నిబంధన ప్రకారం అందరికీ నడిమి పాపిడి, రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బను. ఆ నిబంధన పెట్టింది పానకాలరావు గారే. ఒకచోట ఒక జత జడలు పెట్టె ముందు ఆగి, అటూ ఇటూ చూసి, చెయ్యి చాపి, పరుగెత్తి పోవడం కనిపించింది. ఆ చెయ్యి సన్నగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"అయితే చేతివ్రాత పరీక్షయే శరణ్యము," అన్నారు పానకాలరావు గారు. పరీక్ష అనే మాట నోట్లోకి రాగానే ఆయన గొంతుకు పదేళ్ళ వయసు తగ్గింది.

రాజధానిలో చేతిరాత నిపుణుడు ఒకాయన ఉన్నారు. ఆయన్ను ఫోనులో సంప్రదించారు. పిల్లలందరి చేతా డిక్టేషను రాయించి పంపమన్నారు. ఇరవై వాక్యాలకు తగ్గకూడదు. చీటీలో ఉన్న మాటలు అందులో రావాలి. విషయం ఒకదానికొకటి అతికినట్టు ఉండాలి, లేకపోతే పిల్లలు తడబడి రాత మారిపోతుందట. ఒక్కో వాక్యం మూడేసి సార్లు చదవాలట.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ మాటలు పైకి ఎవరు చదవాలి?

"విద్యాశాఖ ఇన్విజిలేషను మాత్రమే చూచును," అన్నారు పానకాలరావు గారు వెంటనే.

"సంక్షేమ శాఖ బిస్కెట్లు ఏర్పాటు చేయును," అంది హైమావతి గారు.

నిగమేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "గెజిటెడు హోదాలో ఉన్నవారు బహిరంగముగా ఆ పదములు ఉచ్చరించుట సముచితము కాదు. ఎస్తేరమ్మా, నీవు వ్రాసి, నీవే చదువుము. ముసాయిదా మాకు చూపి సంతకము తీసికొనుము."

 ఎస్తేరమ్మకు కొండకింద పాలెంలో చూసిన గోరు గుర్తొచ్చింది. తర్వాత, "అట్నే అయ్యా," అంది.

ఇంటికెళ్ళి రెండు పేజీలు రాసింది. కవరులో పెట్టి మంగళవారం పొద్దున్నే ముగ్గురికీ చూపింది. కవరు విప్పితే ఆ మాటలు కంటబడతాయి. కంటబడితే చదివినట్టవుతుంది. చదివితే తెలిసినట్టవుతుంది. అందుకని నిగమేశ్వరరావు గారు కవరు పైన 'చూడబడినది' అని రాసి సంతకం చేశారు. పానకాలరావు గారు దాని కింద 'పై విధముగా' అని చేశారు. హైమావతి గారు పొడి అక్షరాలతో సరిపెట్టింది.

పది గంటలకు రెండువందల పన్నెండు మందినీ వరండాల్లో చాపలేసి, మధ్యలో గజం గజం ఎడం పెట్టి కూర్చోబెట్టారు. పేర్ల బదులు నంబర్లిచ్చారు. పానకాలరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. హైమావతి గారు బిస్కెట్ పొట్లాలు లెక్కపెట్టిస్తున్నది. నిగమేశ్వరరావు గారు వేపచెట్టు కింద రాజధానితో ఫోనులో ఉన్నారు. ఎస్తేరమ్మ మైకు ముందు నిలబడి కాగితం విప్పింది.  

"రాయండమ్మా. 'నాకు ఆగడం లేదు. ఇరవై రోజులైంది. నేను చచ్చిపోతానా, అని ఒక పిల్ల అడిగింది.'"

పెన్నులు కదిలాయి.

"'చచ్చిపోవు.'"  నిపుణుడు చెప్పినట్టే మూడుసార్లు చదివింది. "'చచ్చిపోవు. చచ్చిపోవు.'"

"పూర్తివిరామము చెప్పవలెనమ్మా," అన్నారు పానకాలరావు గారు నడుస్తూ.

"చచ్చిపోవు, ఫుల్‌స్టాప్," అంది ఎస్తేరమ్మ. "తర్వాత రాయండి. 'ముట్టు మొదలైన రెండు మూడేళ్ళు కొంతమందికి లెక్క తప్పుతుంది. అది నువ్వేదో తప్పు చేసినందుకు వచ్చింది కాదు. దిష్టి కాదు. శాపం కాదు. నువ్వొక్కదానివే కూడా కాదు.'"

ముట్టు అనే మాట మైకులో పలికేసరికి హైమావతి గారు చప్పున బయటివైపు తిరిగి దూరపు కొండలను పరిశీలించసాగింది. పిల్లల్లో మొదట ఒక గుసగుస లేచింది. తర్వాత అది కూడా ఆగిపోయింది. కాగితం మీద పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"'కానీ వారం దాటినా ఆగకపోతే దాచిపెట్టుకోకూడదు. ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. కళ్ళు తిరుగుతాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అప్పుడు తప్పకుండా డాక్టరమ్మకు చూపించుకోవాలి. దీనికి మాత్రలున్నాయి. ఆగుతుంది.'"

"పక్కవారిది చూచి వ్రాయరాదు!" అని పానకాలరావు గారు గద్దించారు. "ఎవరిది వారే వ్రాయవలెను!"

"అవునమ్మా, ఎవరిది వాళ్ళే రాసుకోండి," అంది ఎస్తేరమ్మ. "'రేపు బుధవారం సబ్‌సెంటర్‌కి రా. టీకాల రోజు. పసిపిల్లల ఏడుపుల్లో ఎవరు ఎందుకొచ్చారో ఎవరూ అడగరు. వెనక తలుపు తీసి ఉంటుంది. సంతకం అక్కర్లేదు. పేరు కూడా చెప్పక్కర్లేదు. అమ్మ కొడుతుందని భయపడకు. అమ్మతో నేను మాట్లాడతాను.'"

వరండా చివర ఒక పిల్ల లేచి నిలబడింది. "మేడం, ఎన్నింటికని రాయాలి?"

"పొద్దున తొమ్మిది నుంచి. అది కూడా రాసుకోమ్మా."

ఇంకో చివర, స్తంభం పక్కన, ఒక పిల్ల రాయడం ఆపేసి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. వీపు కదులుతోంది. ఎస్తేరమ్మ అటు ఒక్కసారి చూసి, చప్పున చూపు తిప్పేసుకుని, ఆఖరి వాక్యం ఇంకో మూడుసార్లు చదివింది.

పరీక్ష అద్భుతంగా జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. ఒక్కరు కాపీ కొట్టలేదు. కాగితాలు కట్టగట్టి, లక్క ముద్ర వేసి, 'పరమ రహస్యము' అని రాసి జీపెక్కించారు. పిల్లలు బిస్కెట్లు తిన్నారు.

బుధవారం సబ్‌సెంటర్ ముందు ఎన్నడూ లేనంత మంది పసిపిల్లలు. ఎత్తుకొచ్చింది తల్లులు కాదు, పదమూడు, పద్నాలుగు, పదిహేనేళ్ళ ఆడపిల్లలు. బడికి పోతూ పోతూ పక్కింటి చంటివాణ్ణి, పిన్ని కూతుర్ని, ఎవరు చేతికందితే వాళ్ళను చంకనేసుకొచ్చారు. పదకొండు మంది వచ్చారు. వాళ్ళు తెచ్చిన పసివాళ్ళలో ఎనిమిది మందికి టీకాలు ఎప్పుడో అయిపోయాయి. ఒకడికి మూడేళ్ళు, నడిచి వెళ్ళిపోతానని గోల. ఎస్తేరమ్మ అందర్నీ వెనక తలుపులోంచి లోపలికి తీసుకుంది, ఒక్కొక్కర్నీ వెనక గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది. ఒకతెకు కడుపునొప్పి. ఒకతెకు పదహారేళ్ళు వస్తున్నా ఇంకా మొదలే కాలేదని దిగులు. ఒకతెకు ఏమీ లేదు, ఊరికే ఆ మాటలు మళ్ళీ ఒకసారి వినిపించమని వచ్చింది.

పదకొండో పిల్ల చేతిలో పసిపిల్ల లేదు. మోసే ఓపిక లేదు. గోడ పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల పేరు ఈ కథ చెప్పేవాడికి తెలుసు. చెప్పడు. ఉక్కు పెట్టె చేయలేని పని ఆ మాత్రం నోరు మూసుకుంటే అవుతుంది.

ఎస్తేరమ్మ ఆ పిల్ల గోరు చూసింది. తెల్లగా ఉంది, కానీ వెచ్చగా ఉంది. తన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క నిమిషం ఏడ్చింది. తర్వాత ఆటో పిలిచి మండలం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ రక్తం చూసి, "ఇంకో వారమైతే చెప్పలేమండీ," అని పెద్దాసుపత్రికి రాసిచ్చింది. రెండు సీసాల రక్తం ఎక్కింది. మాత్రలు పడ్డాయి. మూడో నాటికి ఆగిపోయింది.

కొడుతుందన్న తల్లి మిరపచేలో నుంచి అట్టాగే పరుగెత్తుకొచ్చింది. కొట్టలేదు. మంచం పక్కన కూలబడి, "నాక్కూడా దీని ఈడులో ఇట్టాగే అయింది నర్సమ్మా. ఎవరికి చెప్పుకోను? వేపచెక్క కషాయం తాగి పడున్నా. దీనికన్నా చెప్పొచ్చుగా నేను. ఏ నోటితో చెప్పేది?" అని తల బాదుకుంది.

అక్కడ జిల్లాలో పని ఆగలేదు. నెల తిరక్కుండా రాజధాని నిపుణుడి లేఖ వచ్చింది. రెండువందల పన్నెండు కాగితాల కట్ట అందినది, ముద్ర విప్పి పోల్చి చూచుటకు ముందుగా అసలు చీటీ పంపగలరు అని. అసలు చీటీ పెట్టెలో ఉంది. పెట్టె మూడు నెలల దాకా తెరవకూడదు. మూడు నెలలయ్యాక తెరుద్దామంటే, హైమావతి గారికి ఈలోగా బదిలీ అయింది. తాళంచెవి ఆమె హ్యాండుబ్యాగులో వేరే జిల్లాకు పోయింది. ఆ జిల్లా తాళంచెవిని తిరిగి ఇవ్వాలంటే, అది ఈ జిల్లాదేనని రుజువు పత్రం చూపించాలట; ఆ పత్రాన్ని భద్రత కోసం పెట్టెలోనే పెట్టారు.

ఎవరో చెప్పగా విషయం బయటపడి ఎస్తేరమ్మకు మెమో వచ్చింది. ఆమోదము పొందని జవాబును అర్హత నిర్ధారణ కాని బాలికకు తెలియజేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని. ఆమె నాలుగు లైన్లు రాసి పంపింది. 'అయ్యా, నేను జవాబు చెప్పలేదు. డిక్టేషను చెప్పితిని. ముసాయిదా కవరు మీద తమరు ముగ్గురును చూచినట్లు సంతకములున్నవి. ఏమి చెప్పితినో తమరికి సందేహమున్నచో, తమరు పంపిన రెండువందల పన్నెండు ప్రతులు రాజధానిలో ముద్రతో భద్రముగా ఉన్నవి.' ఆ తర్వాత మెమో మాట ఎవరూ ఎత్తలేదు. ముద్ర విప్పితే అందులో ఏముందో చదవాల్సి వస్తుంది.

ఏడాది చివర రేగడిపల్లె పెట్టెకు రాష్ట్ర స్థాయిలో బహుమతి వచ్చింది, అత్యంత సురక్షిత పేటిక అని. రాజధాని నుంచి బృందం చూడ్డానికి వచ్చిన రోజున దిమ్మెకు మామిడాకులు కట్టారు. నిగమేశ్వరరావు గారు పెట్టె మీద చెయ్యేసి ఫొటో దిగారు. మొదటి ప్రశ్న ఏమైందని బృందంలో ఒకాయన అడిగితే, ఫైలు తిప్పి చూసి, "సదరు ప్రశ్న పరిశీలనలో ఉన్నది," అని గర్వంగా చెప్పారు.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఎస్తేరమ్మ మాత్రల సంచి సర్దుకుంటోంది. రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు పెట్టె దగ్గరికి నడిచొచ్చాయి. పరుగెత్తలేదు. అటూ ఇటూ చూడలేదు. ఆ పిల్ల తలెత్తి కెమెరా వైపు నిదానంగా చూసి, నోటుపుస్తకం అంచు చించిన చీటీ ఒకటి కన్నంలోంచి లోపలికి జారవిడిచింది. బుగ్గలు కాస్త నిండాయి. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"మళ్ళీ ఏందమ్మా? ఏమన్నా ఉంటే నాతో చెప్పొచ్చుగా?" అని ఎస్తేరమ్మ గాభరాగా దగ్గరికి వచ్చింది.

"నాకేం లేదక్కా," అంది ఆ పిల్ల. "'ఆగింది. నేను చావలేదు,' అని రాసేశా. వాళ్ళింకా చూస్తా ఉన్నారంటగా, పాపం."